జిగురక్క మడిచిన పన్నెండు పేజీలు

బైండింగు షాపులో ఆమెను అందరూ జిగురక్క అంటారు. ఆ పేరు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఆమెకు మాత్రం గట్టిగానే అంటుకుంది. ఇరవై రెండేళ్లుగా పుస్తకాల వెన్నుకు జిగురు రాస్తూ వచ్చిన చూపుడువేలికి గోరు చుట్టూ తెల్లటి అంచు ఒకటి నిలిచిపోయింది. ఎన్ని సబ్బులు అరిగినా అది అరగలేదు. మూడువందల పేజీల పుస్తకాన్ని బొటనవేలి కింద ఒక్కసారి జారవిడిచి, ఇందులో ఒక కాగితం తక్కువుందని చెప్పేస్తుంది. విప్పి లెక్కపెడితే తక్కువే ఉంటుంది.

అలాంటి మనిషి పదో తరగతిలో ఇంగ్లీషు తప్పింది. మిగతావన్నీ గట్టెక్కి అక్కడ చతికిలబడింది. అప్పుడామెకు పదహారేళ్లు. తర్వాత పెళ్లి, కాపురం, షాపు. ఆ ఒక్క పేపరు సంగతి అటకెక్కింది.

దాన్ని మళ్లీ కిందికి దింపింది లైబ్రరీ మేడమ్. ఊరి లైబ్రరీలో పుస్తకాలు బాగుచేసే పెద్దాయన రిటైరయ్యాడు. ముట్టుకుంటే పొడి రాలే పాత పుస్తకాలు అక్కడ బీరువాల నిండా ఉన్నాయి. వాటికి చేతికుట్టు తెలిసిన మనిషి కావాలి.

"నువ్వు తప్ప నాకెవరూ కనబడటం లేదు. కానీ పదో తరగతి పాసవకుండా నిన్ను తీసుకోలేను. ఈ వేసవి పరీక్షల్లో ఆ ఒక్క పేపరూ రాసెయ్యి. ఫలితాలొచ్చేదాకా ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టను. ఆ తర్వాత నా చేతిలో లేదు" అందావిడ.

జిగురక్కకు కుర్చీ మీద కన్నా ఆ బీరువాల మీదే మనసు పోయింది. షాపులో కుట్టుపని రోజురోజుకీ తగ్గిపోతోంది. వేడి జిగురు పోసి నిమిషానికో పుస్తకం అంటించే మిషను వస్తోందని ఓనరు దాచకుండా ముందే చెప్పాడు. మంచివాడు, ఆమె మొహంలోకి చూడలేక గోడ గడియారం వైపు చూస్తూ చెప్పాడు. మిషను వచ్చాక ఆమె సూదీ దారం పట్టుకునే చోటు ఆ లైబ్రరీ ఒక్కటే.

సరే, చదువు మొదలైంది. ప్రెస్సు నుంచి వచ్చే పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీల కట్ట అవుతుంది. దాన్ని షాపులో ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేర్చి కుడితే పుస్తకం. సిరా అలికినవీ, అచ్చు వంకరగా పడినవీ పక్కన పడేస్తారు. ఆ ఏడు షాపుకి పదో తరగతి ఇంగ్లీషు గైడ్లు వచ్చాయి. మంచిదే ఒకటి తీసుకొమ్మన్నాడు ఓనరు. లెక్కగా పంపినవి, ఒకటి తగ్గితే ఎవరో పిల్ల చేతికి తగ్గుతుందని ఆమె ఒప్పుకోలేదు. అప్పుడాయన పాడైన ఫారాలను తనే ఏరి, దుమ్ము దులిపి ఆమె సంచిలో పెట్టాడు. దేవుడు పంపిన పుస్తకమనుకుని ఆమె కళ్లకద్దుకుంది.

దేవుడు పంపాడు గానీ వరసగా పంపలేదు. వ్యాకరణం సగముంది. పాఠం ఉన్నచోట ప్రశ్నల్లేవు. ప్రశ్నలున్నచోట పాఠం లేదు.

చదివించే బాధ్యత అత్తగారు నెత్తిన వేసుకుంది. ఆవిడకు ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. అయినా కోడలు తప్పు చెబితే తనకు తెలిసిపోతుందంది. పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టి, వంటింటి గడప మీద కూర్చుని, కాగితం తలకిందులుగా పట్టుకుని పరీక్ష పెట్టేది. కోడలు ఇంగ్లీషు మాట చెప్పి వెంటనే అర్థం చెప్పాలి. గబుక్కున చెబితే రైటు, తడుముకుంటే తప్పు.

"తప్పు."

"రైటే అత్తయ్యా. చూడండి, కాగితంలోనే ఉంది."

"ఉంటే ఉండనీ. నువ్వు నీళ్లు నమిలావు. అక్కడెవరు నమలనిస్తారమ్మా నిన్ను? మళ్లీ చెప్పు."

చిత్రమేమిటంటే ఆ పద్ధతి పారింది. కూరలు తరుగుతూ పది, బట్టలారేస్తూ పది, రోజుకి ఇరవై మాటలు నోటికొచ్చాయి. అత్తగారికీ నాలుగు పట్టుబడ్డాయి. ఒకరోజు వ్యాను తోలి అలిసొచ్చిన కొడుకును ఆవిడ గుమ్మంలోనే "ప్లీజ్ సిట్" అని పలకరించింది. అతను రెండడుగులు వెనక్కి వేసి, వచ్చింది తన ఇంటికేనా అని తలుపు వైపు చూసుకున్నాడు.

ఒక ఫారంలో కథ ఉంది. ముసలామె ఒకతె మేకను తోలుకుని రేవు దగ్గరికి వస్తుంది. పడవ దాదాపు నిండిపోయింది. ఒక్కరికే చోటుందని, తనో మేకో తేల్చుకోమని అంటాడు పడవవాడు. అక్కడితో ఫారం అయిపోయింది. కోడలు తెలుగులో చెబుతుంటే అత్తగారు బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టేసింది.

"తర్వాత?"

"తర్వాతి ఫారం నా దగ్గర లేదు అత్తయ్యా."

"లేదంటే ఎలాగ? ఆ మనిషిని రేవులో నిలబెట్టి మనం హాయిగా పడుకోవడమా?"

గైడ్లన్నీ కట్టలుగా వెళ్లిపోయాయి. చెత్తబుట్టలన్నీ వెతికినా ఆ ఫారం దొరకలేదు. ప్రశ్నల కాగితం కూడా లేదు కాబట్టి ఆ పని అత్తగారే చూసుకుంది. ముసలామె మేకను ఎవరికి తీసుకెళ్తోంది? పడవవాడికి ఇంట్లో తల్లి లేదా? ఉంటే వాడా మాట ఎలా అన్నాడు? అన్నిటికీ కోడలు ఇంగ్లీషులో జవాబు చెప్పాల్సిందే.

లెటర్ మాత్రం ఒకే ఒక్కటి దొరికింది, జ్వరం వచ్చింది సెలవు ఇప్పించండని హెడ్మాస్టరుకి రాసేది. దాన్నే ఆమె చిత్తుకాగితాల వెనక రోజూ దిద్దింది. పదిహేను రోజులు చూసి అత్తగారికి ఒళ్లు మండింది. "ఇన్నాళ్లుగా జ్వరం జ్వరమని రాస్తున్నావు. ఎలా ఉందమ్మా అని ఆ పెద్దమనిషి ఒక్కసారైనా అడిగాడా?"

పరీక్షనాడు గదినిండా పదహారేళ్ల పిల్లలు. ఎత్తు తక్కువ బల్లలో ఆమె మోకాళ్లు పట్టక అవస్థపడుతుంటే, వెనకున్న పిల్ల అడక్కుండానే తన బల్ల వెనక్కి జరుపుకుని చోటిచ్చింది. పరీక్ష చూసే మేడమ్ అందరికీ మధ్యకు మడిచిన పెద్ద కాగితాలు మూడేసి ఇచ్చి, ప్రతిదాని మీదా హాల్‌టికెట్ నంబరు వేసుకోమంది. ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు.

జిగురక్క నంబర్లు వేసింది. మనసులో దేవుణ్ణి తలుచుకుంది. ఆ తలుచుకునే లోపల చేతులు తమ పని తాము చేసేశాయి. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నదే: మూడు కాగితాలనూ ఒకదాని కడుపులో ఒకటి దూర్చి, అంచులు తట్టి, మడతను గోటితో ఒత్తి, పన్నెండు పేజీల పుస్తకం చేసి ముందు పెట్టాయి. ఆమె మొదటి పేజీలో మొదలుపెట్టి పన్నెండో పేజీ దాకా వరసగా రాసుకుంటూ పోయింది. బాగానే రాసింది. పాఠం చదివి జవాబులు రాసేటప్పుడైతే, ఇవి అత్తయ్య ప్రశ్నలంత కష్టంగా లేవే అని నవ్వొచ్చింది కూడా.

పది నిమిషాలుందనగా మేడమ్ దారాలు పట్టుకుని వచ్చింది. నంబర్లు చూడ్డానికి కాగితాలు విడదీసి, ఒకదాని వెనక ఒకటి పెట్టి మూలన ముడివేసింది. అప్పుడు జిగురక్క కాగితాలు తిప్పి చూసుకుంది. మొదటి కాగితంలో రెండో పేజీ పక్కన ఇప్పుడు పదకొండో పేజీ ఉంది. రెండులో మొదలైన లెటర్ మూడులో పూర్తవుతుంది. ఆ మూడు వెనక కాగితంలోకి పోయింది. లెటర్ తల ఒకచోట, మొండెం ఒకచోట. మధ్యలో వ్యాసం తోక. పైగా ఏ పేజీకీ అంకె వెయ్యలేదు. పేజీలకు అంకెలు వేసేది ప్రెస్సువాళ్లు, బైండింగు వాళ్లకు ఆ ఆలోచనే రాదు.

"మేడమ్, మళ్లీ లోపల దూర్చి కట్టొచ్చా?"

మేడమ్ సంగతి విని కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు నవ్వూ జాలీ రెండూ వచ్చినట్టున్నాయి. "మూలనే కట్టాలమ్మా, రూలు. కానీ గంట కొట్టేదాకా కాగితం నీదే. రాసుకో. పేరు మాత్రం రాయకు" అని, గబగబా పోవలసిన మనిషి కాసేపు అక్కడే నిలబడి ఎండ పడకుండా కిటికీ రెక్క మూసి వెళ్లింది.

జిగురక్క పన్నెండు పేజీలకూ అంకెలు వేసింది. మొదటి పేజీ పైన ఖాళీ కొంచెమే ఉంది. అక్కడ ఇంగ్లీషులో రాసింది: చదివేవారికి నమస్కారం. నేను పుస్తకాలు కుట్టే మనిషిని. చేతి అలవాటు కొద్దీ కాగితాలు ఒకదానిలో ఒకటి పెట్టి రాశాను. దయచేసి అంకెలు చూసి చదవండి. రెండు తర్వాత మూడు వెనక కాగితంలో ఉంది. మీకు శ్రమ ఇస్తున్నాను, క్షమించండి.

గంట కొట్టారు. కాగితం ఇచ్చేశాక గానీ, ఆ మాటలు ఏ ఫారంలోనూ లేవని ఆమెకు తట్టలేదు. ఎక్కడా తడుముకోలేదని కూడా అప్పుడే తట్టింది.

ఇంటికి రాగానే అత్తగారు అడిగింది, లెటర్ ఏమొచ్చింది, జ్వరమేనా అని.

"ఈసారి నిజం లెటర్ ఒకటి రాశాను అత్తయ్యా. చదువుతారో లేదో."

ఫలితాలు రావడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ ఆమెకు కళ్లముందు ఆ కాగితాలే. వందల కట్టలు ముందేసుకున్న మనిషికి ముందుకీ వెనక్కీ తిప్పే ఓపిక ఉంటుందా? వ్యాసం తోక చూసి విసిరి కొట్టరా? లైబ్రరీ దారిన వెళ్లాల్సి వస్తే, ఆ ఖాళీ కుర్చీ కనబడకుండా పక్క వీధిలోంచి తిరిగి వెళ్లేది. అత్తగారు మాత్రం దీపం పెట్టేటప్పుడు రోజూ ఒకటే అడిగేది, ఆ దిద్దేవాళ్లకు ఈ పూట తలనొప్పి రానివ్వకు స్వామీ అని.

ముప్పై ఐదు వస్తే చాలు. నలభై ఎనిమిది వచ్చాయి. ఎవరో ఏమిటో తెలియని ఒక మనిషి, ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చుని, ఆమె అడిగినట్టే కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి చదివారు. ఆ మనిషికి నమస్కారం చెప్పుకునే దారి లేదు. అందుకని జిగురక్క పొద్దుటి ప్రార్థనలో ఇంట్లోవాళ్ల వరసలో చివర ఆ పేరులేని మనిషిని కూడా చేర్చుకుంది.

షాపు వదిలే రోజున ఓనరు ఆమె రోజూ వాడే దబ్బనాన్ని కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. ఈసారి గడియారం వైపు చూడలేదు.

లైబ్రరీలో మొదటిరోజే, మధ్యాహ్నం తిండి మానుకుని, ఆమె స్కూలు పుస్తకాల బీరువా వెతికింది. ఆ గైడు ఉంది. ఫారాలన్నీ వరసగా ఉన్నాయి, తను కుట్టినవే. కావలసిన పేజీ తీసి, కాగితం మీద రాసుకుని ఇంటికి పట్టుకెళ్లింది.

అత్తగారు చేట పక్కన పెట్టి కూర్చుంది. కోడలు ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పింది. ముసలామె మేకను వదిలి ఎక్కనంటుంది. పడవ వెళ్లిపోతుంది. ఆమె రేవులో మేక మెడ మీద చెయ్యేసి కూర్చుంటుంది. కాసేపటికి పడవవాడు అందర్నీ అవతల దించి, ఒక్కడే ఖాళీ పడవ వేసుకుని వెనక్కి వస్తాడు.

"వస్తాడు. నాకు తెలుసు" అంది అత్తగారు తృప్తిగా.

"తెలిస్తే మరి మూడు నెలలు నా ప్రాణం ఎందుకు తీశారు?"

"తెలిసినా ఒకరు చదివి చెబితే ఆ నిద్ర వేరమ్మా." ఆవిడ కాగితం అందుకుని, ఎప్పటిలాగే తలకిందులుగా పట్టుకుంది. "సరే, ఇప్పుడు చెప్పు. పడవ ఎక్కాక ఆ ముసలామె వాణ్ణి ఏమని దీవించింది? ఇంగ్లీషులో. తడుముకోకుండా."