బాస్కెట్‌బాల్‌కు పసుపునీళ్లు

ఆ రోజుల్లో మా అనంతపురానికి వాన తప్ప అన్నీ వచ్చేవి. కరువును చూసిపోయే అధికారులు వచ్చేవాళ్లు, ఎన్నికలు వచ్చేవి, ఆషాఢం గాలి అయితే ఎవరూ పిలవకుండానే వచ్చి కళ్లల్లో ఎర్రమట్టి కొట్టి పోయేది. ఆ ఏడు స్వైన్ ఫ్లూ కూడా వచ్చింది. పేపర్లో చదివినన్నాళ్లూ దాన్ని పరాయి ఊళ్లో పెండ్లిలాగా చూశాం. మన జిల్లా పేరు పడేసరికి మెడికల్ షాపుల ముందు జనం చెప్పులు తెగేలా తొక్కుకున్నారు. కరోనా చూసినవాళ్లకు ఇప్పుడది ఉత్త జలుబులాగా అనిపించవచ్చు. మా డిగ్రీ కాలేజీ వరకు దానివల్ల నిజంగా నష్టపోయినవాణ్ణి నేనొక్కణ్ణే. (రోగం నాకు రాలేదు. నష్టం మాత్రం వచ్చింది.) ఇన్నేండ్లలో ఈ విషయం ఎవరూ అడగలేదు గనక నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

అప్పుడు నాది ఆఖరి సంవత్సరం. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో రెండేండ్లుగా ఉన్నాను. ఉన్నానంటే, గీత బయట బెంచీ మీద ఉన్నాను. లోపల ఉండాల్సిన నన్ను బయట ఉంచినవాడు మా కెప్టెన్. వాణ్ణి మేము గద్ద అనేవాళ్లం, ఎదుటివాడి చేతిలో బంతి ఉంటే కోడిపిల్లను తన్నుకుపోయినట్టు తన్నుకుపోయేవాడు. తన్నుకుపోతే పోనీ, పోయేముందు చొక్కా పట్టి లాగుతాడు, నడుము మీద చెయ్యేసి తోస్తాడు, అదీ రెఫరీ ముక్కు గోక్కుంటున్న క్షణం చూసి. ప్రాక్టీసులో వాడు లాగిన ప్రతిసారీ నేను పీడీ సారుకు, అంటే ఆటలు నేర్పే సారుకు, ఫిర్యాదు చేసేవాణ్ణి. ఆయనది గుమ్మఘట్ట వైపు. "సాక్ష్యం యాడుండాదప్పా? నువ్వు నోటితో చెప్తే నేను యాడ నమ్మేది?" అనేవాడు. కొన్నాళ్లకు నన్ను దూరం నుంచి చూడగానే, "ఈపొద్దు యాడ లాగినాడప్పా?" అని ఆయనే అడగడం మొదలుపెట్టాడు. జట్టంతా నవ్వేది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఏడు మాత్రం ఆడి తీరాలి. ఎందుకంటే నాయన వస్తానన్నాడు. మాది పామిడి దగ్గర. నాయన చెనిక్కాయ (వేరుశనగ) రైతు, ఆటలంటే పడదు. బాస్కెట్‌బాల్ గురించి ఒకసారి కూర్చోబెట్టి అంతా వివరిస్తే, "బుట్టలో వేసింది మళ్లా కిందికే పడ్తాంది కదరా, ఆ బుట్టకు అడుగు కుట్టించుకోల్యాక కాలేజీ ఎందుకు పెట్టినారు?" అన్నాడు. అలాంటి మనిషి, బ్యాంకు పని మీద అనంతపురం వస్తూ, "ఫైనలో ఏదో అంటాండావు కదా, ఆపొద్దే వస్తా. నువ్వు ఆడేది ఒకసారి చూస్తా" అన్నాడు. నేను జట్టులో ఉన్నానని ఇంట్లో చెప్పానే గానీ బెంచీ సంగతి చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి.

ఇంతలో రోగం. ప్రిన్సిపాలు ఆటలన్నీ రద్దు అన్నాడు. పీడీ సారు ఆయన గది ముందు సాయంత్రం దాకా నిలబడి, "ఒకడు ఇంకొకని మీద పడకుండా, జాగ్రత్తగా ఆడిస్తా సార్" అని మాటిచ్చి అనుమతి తెచ్చుకున్నాడు. తెచ్చుకుని కోర్టులో మమ్మల్ని చేతులు చాపి దూరం దూరంగా నిలబెట్టి నిబంధనలు చదివాడు. ఆటకు ముందు షేక్‌హ్యాండ్ లేదు, నమస్కారమే. అందరికీ మాస్కులు, ఆడేటప్పుడు కూడా. (జెర్సీలు కుట్టగా మిగిలిన మెరూన్ గుడ్డతో టైలర్ భాయి కుట్టిచ్చాడు. అందరం ఒకే దొంగల ముఠాలాగా తయారయ్యాం.) చూసేవాళ్లు కాంపౌండ్ గోడ బయటే. ఒక్కో విరామంలో బంతిని కడగాలి. తుమ్మినవాడు జట్టులోంచి బయటికి. ఆ చివరి మాట ఆయన నోట్లోంచి పూర్తిగా రాకముందే, రోడ్డు మీద చెనిక్కాయ కట్టె ట్రాక్టరు పోయింది, ఆ దుమ్ము గాలికి నేరుగా నా ముక్కులోకి వచ్చింది. నేను తుమ్మాను. అది దుమ్ము తుమ్మని పసిపిల్లవాడికి కూడా తెలుస్తుంది. కానీ గద్ద చెయ్యెత్తి, "సార్, ఈడు తుమ్మినాడు" అన్నాడు.

"దుమ్ము సార్" అన్నాను.

"రోగమైనా మొదలు దుమ్ము మాదిరే ఉంటాది లేప్పా" అన్నాడు పీడీ సారు. "నిన్ను తీసేయను. నీకు పని ఇస్తా. బంతి కడుగు."

రెండేండ్లు బెంచీ మీద ఓర్చుకున్నవాణ్ణి బకెట్ దగ్గరికి దించారు. హాస్టల్లో మాకు స్నానం దినం మార్చి దినమే, అందులో ఒక్క చెంబు ఎక్కువ దొరికితే పండగ, బంతికి మాత్రం రోజూ నిండు బకెట్. మొదట్లో అందులో డెట్టాల్ వేసేవాణ్ణి. ఆ సీసా అయిపోయిన రోజు పీడీ సారు వాళ్లమ్మ గుమ్మఘట్ట నుంచి ఫోన్లో, "అమ్మవారు పోసినోళ్లకు ఏం జేస్తాం? వేపాకు, పసుపునీళ్లు. మనిషికి పనికొచ్చేది బంతికి పనికిరాదా?" అని అడిగిందట. ఎమ్మెస్సీ చదివిన మనిషి మరుసటి రోజు నుంచి బంతికి అదే వైద్యం పెట్టించాడు. "పసుపు ధారాళంగా వెయ్యప్పా. రోగం దగ్గర పిసినారితనం కూడదు" అని నాకు ఆజ్ఞ. నేను వేశాను. కడిగాక తుడవమని ఆయన చెప్పలేదు. చెప్పని పని నేనెందుకు చేస్తాను?

సెమీఫైనల్లో ఒక విశేషం చూశాను. అవతలి జట్టువాడు ఒకడు నా ముందునుంచి పరిగెత్తాడు. వాడి తెల్ల జెర్సీ నడుము దగ్గర పచ్చగా ఒక బొటనవేలు. పక్కన మరో రెండు వేళ్లు. అవి ఎవరివో నాకు తెలుసు, ఎందుకంటే వాటి బరువు నా నడుముకు తెలుసు. అలికిన గోడ మీద పేడచెయ్యి పడ్డట్టు అచ్చు పడింది. రెఫరీ చూడలేదు, పసుపు పల్చగా ఉంది. నేను మాత్రం బకెట్ పక్కన లేచి నిలబడ్డాను. సాక్ష్యం! రెండేండ్లుగా పీడీ సారు నన్ను అడుగుతున్నది ఇదే కదా.

ఫైనలు రోజు మెస్ వంటాయన్ను బతిమాలి పసుపు డబ్బా మొత్తం తెచ్చుకున్నాను. నీళ్లు నీళ్లలాగా లేవు, పప్పులాగా అయ్యాయి. ఫైనలు హిందూపురం వైపు కాలేజీతో, వాళ్లవి మల్లెపూవులాంటి తెల్ల జెర్సీలు. గోడ మీద జనం. అందులో తువ్వాలు మూతికి చుట్టుకుని కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న నాయనను దూరం నుంచే గుర్తుపట్టాను.

ఆట మొదలైంది. గద్ద తన అలవాటు ప్రకారం తోశాడు, అవతలివాడి వీపు మీద ఐదు వేళ్లూ అచ్చు పడ్డాయి. రెఫరీ మాస్కు దించి, విజిల్ ఊది, మాస్కు ఎత్తుకున్నాడు. "నేను ముట్టుకోలే సార్!" అన్నాడు గద్ద, రెండు పచ్చటి అరచేతులూ ఆయన ముఖానికి చూపిస్తూ. జనం గోడ మీద నుంచి పడబోయారు. విరామం వచ్చినప్పుడల్లా నేను భక్తిగా బంతిని ముంచాను. పాపం అవతలివాళ్లూ తోస్తున్నారు గానీ, మా మెరూన్ మీద పసుపు ఆనేది కాదు. (ఇది నేను ముందే ఆలోచించలేదు. ఆలోచించినా ఆపేవాణ్ణి కాదు.) చివరి క్వార్టరులో గద్దకు ఐదో ఫౌలు పడింది. బయటికి నడిచాడు. బెంచీ మీద ఉండాల్సిన మిగతావాళ్లు అప్పటికే తుమ్మో దగ్గో ఇండ్లకు పోయారు. పీడీ సారు బెంచీని చూశాడు, ఆకాశాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"పోప్పా. నీ కోరిక తీరింది" అన్నాడు.

నేను గీత దాటి లోపలికి అడుగు పెట్టగానే గోడ మీద నాయన లేచి నిలబడ్డాడు. తువ్వాలు విప్పి గాల్లో తిప్పుతూ అరుస్తున్నాడు. గాలికి మాటలు వినబడలేదు. కొడుకును చూసిన సంబరం అనుకుని నేను ఛాతీ విరుచుకున్నాను. మిగిలిన ఆట గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నాకు మోచేతుల దాకా పసుపే, నేను ఎవరి పక్కన నిలబడ్డా విజిలే. ఒకసారి బంతి నా చేతికి వచ్చింది. బుట్టవైపు విసిరాను. అది సబ్బు బిళ్లలాగా జారి పక్కనున్న బకెట్లో పడింది. ఓడిపోయాం. "ఎంత పసుపు వేసినావప్పా?" అన్నాడు పీడీ సారు, మెల్లిగా.

"ధారాళంగా సార్" అన్నాను.

చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, పసుపు పోక, ప్యాంటు వేసుకుని గేటు దగ్గరికి పోయాను. నాయన కోపంగా ఎదురొచ్చాడు.

"ఆ విజిలోన్ని చూపించరా నాకు! మొదట్నుంచి సింహం మాదిరి ఆడ్తాంటివి, నిన్నెందుకు బయటికి పంపినాడు? 'నా కొడుకును యా తప్పుకు పంపిస్తివప్పా' అని గోడెక్కి అరిస్తే వినపడనట్ల నటించినాడు. ఈపొద్దు వదిలేది లే."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నాదీ గద్దదీ ఒకే ఎత్తు, ముఖాలకు మాస్కులు. పైగా నాయన నన్ను నిక్కరులో చూసి చాలా ఏండ్లయింది. ఆటంతా ఆయన గద్దను చూసి మురిసిపోయాడు.

"నీ తరువాత వచ్చినాడే ఒకడు" అన్నాడు, "చేతులనిండా పసుపు పూసుకొని, నలుగు పీట మీద నుంచి లేసొచ్చిన పెండ్లికొడుకు మాదిరి. వానికి బంతి ఇచ్చినోడెవడురా? ఆట నాశనం చేసి పెట్టినాడు."

నేను రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోకి తోసుకున్నాను. చెప్పాల్సింది చాలా ఉంది, నోటిదాకా వచ్చింది కూడా. కానీ పుట్టి బుద్ధెరిగాక నా తరఫున ఇంకొకడు కొట్లాడడం నేను చూడలేదు. నా ఫిర్యాదులన్నీ నేనే మోసుకున్నాను. ఇప్పుడు ఈయన గొంతు బొంగురుపోయి ఉంది, గోడ సున్నం పంచెకు అంటుకుని ఉంది.

"పోనీలే నాయనా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదలు.

ఆయన సంచిలోంచి అమ్మ పంపిన చెనిక్కాయ ఉండల పొట్లం తీసి చాపాడు. నేను జేబుల్లోంచి చేతులు తీయలేదు. "రోగం కాలం నాయనా, చేతికి చేయి తగలకూడదు. ఆడ పెట్టు" అన్నాను. చదువుకున్నవాడి జాగ్రత్తకు మెచ్చుకుని ఆయన పొట్లాన్ని గోడ మీద పెట్టి, పామిడి బస్సెక్కాడు.

ఇప్పటికీ మా ఇంటికి ఎవరు వచ్చినా, తన కొడుకు ఎంత బాగా ఆడేవాడో, వాణ్ణి ఎంత అన్యాయంగా బయటికి పంపారో నాయన చెబుతాడు. ఏడాదికేడాది ఆ ఆటగాడు ఇంకా బాగా ఆడుతున్నాడు. గద్దకు ఇంత పేరు రావడం నాకు ఎంత మంటో దేవుడికి తెలుసు. అయినా వచ్చినవాళ్లు నావైపు తిరిగి, "అవునాప్పా?" అని అడిగితే, "అన్యాయమే చేసినారు లేన్నా" అంటాను, గద్ద తరఫున.