స్వరూప పదో క్లాసుకు ఐదొందలు

ఇరవై ఏళ్ల వ్యాపారంలో నేను చేసిన అతి తెలివైన పని ఏదని ఎవరైనా అడిగితే, మొన్నమొన్నటి దాకా తడుముకోకుండా చెప్పేవాణ్ని. 2023లో, శంషాబాద్ బస్టాండు వెనక వీధిలో నా డ్రైవింగ్ స్కూల్ మూడో ఏడు నడుస్తుండగా, చేరిన ప్రతి ఒక్కరి దగ్గరా ఎల్ఎల్ఆర్ ఒరిజినల్ తీసుకుని నా దగ్గరే ఉంచుకోవడం మొదలుపెట్టాను. ఎల్ఎల్ఆర్ అంటే లెర్నర్స్ లైసెన్సు. ఆర్నెల్లు చెల్లుతుంది. అది లేకుండా నేర్చుకునేవాళ్లు స్టీరింగ్ ముట్టకూడదు, టెస్టుకు పోకూడదు. "మీరైతే యాడనో పారేస్తరు, మా దగ్గర భద్రంగ ఉంటది" అని చెప్పి, చేతిలో జిరాక్సు పెట్టి పంపేవాణ్ని. అసలు సంగతి వేరు. రోడ్డుకు అవతల ఇంకో స్కూలుంది. వాళ్లు నాకన్నా రెండొందలు తక్కువకు నేర్పుతారు. కాగితం నా దగ్గరుంటే మనిషి ఎటు పోతాడు?

ఈ విద్య నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా నాన్నది కిరాణా కొట్టు. ఉద్దెర తీసుకున్నవాళ్ల గొడుగో, సంచో, స్టీలు డబ్బానో మా కొట్లో ఉండిపోయేది. నాన్న వాటిని అడిగి తీసుకునేవాడు కాదు. వాళ్లే మరిచిపోయేవారు. ఆయన గుర్తు చేసేవాడు కాదు, అంతే. నేను ఆయన కొడుకునే.

అదే ఏడు ఎండాకాలం చివర, పాల్మాకుల దగ్గర చెకింగులో మా బండిని ఆపారు. ఆ రోజు నేర్చుకుంటున్న కుర్రాడి ఒరిజినల్ బండిలో లేదు. చలానా నేను కట్టాను. ఆ మంట చల్లారకముందే ఫ్లెక్సీ వేయించాను: "ఒరిజినల్ పేపర్లు లేకుంటే క్లాసు క్యాన్సిల్. క్యాన్సిల్ అయిన క్లాసుకు రూ.500." ఫ్లెక్సీకి నూట ఎనభై అడిగితే నూట యాభైకి దించి మరీ వేయించాను.

చదివేవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది. ఒరిజినల్ నేనే దాచుకుంటాను, ఒరిజినల్ తేలేదని నేనే జరిమానా వేస్తాను. విడివిడిగా చూసుకుంటే నాకు రెండూ బంగారంలాంటి ఆలోచనలే అనిపించాయి. ఆ రెండూ ఢీకొనకుండా ఉన్నది మా యాదగిరి వల్ల. పాతికేళ్లు లారీ నడిపి వచ్చిన మనిషి, నా దగ్గర ఇన్‌స్ట్రక్టర్. బండి రాత్రిళ్లు తొండుపల్లిలో ఆయన ఇంటి ముందే ఉంటుంది. సాయంత్రం ఇంటికి పోయేముందు, మర్నాడు క్లాసున్నవాళ్ల కాగితాలు ఫైల్లోంచి తీసి రెగ్జిన్ సంచిలో వేసుకుపోతాడు. అలా కాగితాలు బండితోపాటే తిరిగేవి. ఎవరికీ ఇబ్బంది రాలేదు, స్వరూప దాకా.

స్వరూపది పాల్మాకుల. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. వ్యవసాయం ఇల్లు. ఎయిర్‌పోర్టు పక్కన విమానాలకు భోజనాలు సర్దే ఒక వంటశాలలో ట్రేలు నింపే పని. అక్కడ ఆడవాళ్ల షిఫ్టు బండికి ఆడ డ్రైవరే కావాలని సూపర్వైజరు అన్నాడట. ఒకటో తారీఖులోగా లైసెన్సు చూపిస్తే ఆ పని ఆమెకే, జీతం ఏడు వేలు ఎక్కువ. మరిది ట్రాక్టరును తోలిన చేయి ఆమెది కాబట్టి ముందుకు పోవడం వారంలో వచ్చేసింది. రివర్సే రాలేదు. టెస్టులో హెచ్ ట్రాక్ అని ఒకటుంటుంది. హెచ్ అక్షరం ఆకారంలో కర్రలు పాతి ఉంచుతారు, వాటిని తాకకుండా బండిని ముందుకూ వెనక్కీ తిప్పి రావాలి. పది క్లాసుల ప్యాకేజీలో ఆ పదో క్లాసును దానికోసమే అట్టిపెట్టాం. మర్నాడే ఆమె స్లాట్, అంటే టెస్టుకు బుక్ చేసుకున్న సమయం.

పదో క్లాసు పొద్దున ఆరున్నరకు. ఏడింటికి యాదగిరి ఫోన్ చేశాడు. "సేటు, స్వరూప కాయితం సంచిల లేదు. నిన్న ఫైల్‌ల గూడ లేకుండె. ఆమెనే తీస్కపోయిందనుకున్న. ఈమె జిరాక్స్ జూపిస్తున్నది. ఏం జెయ్యాలె?"

"బోర్డు మీద ఏం రాసుంది?" అన్నాను నేను, మంచం మీంచి లేవకుండానే.

పదింటికి ఆఫీసు తెరిచేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. డ్యూటీకి సగం రోజు సెలవు పెట్టి వచ్చిందట. పక్కనే యాదగిరి, తప్పు చేసినవాడిలా తువ్వాలు నలుపుకుంటూ.

"సేటు, ఎనిమిదో తరగతి దాకనే సదివిన గనీ నీ బోర్డు సదవొస్తది నాకు," అంది లోపలికి వస్తూనే. "ఒరిజినల్ తేకుంటే ఐదొందలన్నవ్. ఒరిజినల్ చేరిన్నాడే నువ్వు గుంజుకుంటివి. ఇగ నేను యాడికెల్లి తేవాలె?"

"ఫైల్‌ల లేదు చెల్లె. లేదంటే నువ్వు తీస్కపోయినట్టే లెక్క."

"నేనడిగితే నువ్వు ఉత్తగనే ఇస్తవా? సంతకం లేంది పెన్ను గూడ ఇయ్యవ్ నువ్వు!"

యాదగిరి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

నాకు చిన్నప్పటి నుంచి అలవాటైన మందు ఒకటుంది. గొడవ ముదిరితే సగం అడగాలి. ఎదుటివాళ్లు తామే గెలిచామనుకుని పోతారు. రాని డబ్బులో సగం వచ్చినా మనకు లాభమే. "సరే, నీ మాట గాదు, నా మాట గాదు. రెండొందల యాభై ఇయ్యి. ఒడిసిపాయె," అన్నాను దయగా.

"సగమేంది? సగం తప్పు నేను జేసిన్నా?" ఆమె గొంతు పెంచలేదు. "నా తప్పైతే ఐదొందలు తీస్కో. నీ తప్పైతే ఒక్క రూపాయి ముట్టకు. నాకు సగం వద్దు."

ఎందరితోనో బేరాలాడాను. తగ్గించమన్నవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు, కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. తగ్గిస్తానంటే వద్దన్న మనిషి మాత్రం నా బల్ల ముందుకు అదే మొదటిసారి రావడం.

"పైసల ముచ్చట పక్కకు పెట్టు," అంది ఆమే. "కాయితం లేకుంటే రేపు ఆడ ఏం జూపియ్యాలె?"

అప్పుడు గానీ నాకు ఐదొందల మీంచి ధ్యాస మళ్లలేదు. ఆన్‌లైన్లో మళ్లీ ప్రింటు తీయొచ్చు కదా అని ఫోన్ తీశాను. ఓటీపీ ఆమె పాత నంబరుకు పోతోంది.

"ఆ సిమ్ము బందయ్యి మూడు నెలలాయె సేటు."

"ఎల్ఎల్ఆర్ ఎప్పటిదాక ఉంది?"

"నాలుగు దినాలు. రేపు గాకుంటే మల్ల కొత్తది తియ్యాలె, మల్ల నెల ఆగాలె. గా సూపర్వైజర్ నాకోసం ఆగుతడా? నా ఎనక ఇంకిద్దరున్నరు లైన్ల." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ఇంట్ల అందరికీ చెప్పిన. మా అత్తకు గూడ."

ముగ్గురం వెతికాం. ఫైలు మొత్తం తిరగేశాం. రెగ్జిన్ సంచి బోర్లించాం. యాదగిరి బండి సీట్ల కింద చేయి పెట్టి ఎవరిదో దువ్వెన, రెండు నాణేలు తీశాడు. చివరికి గుమ్మంలో నిలబడి, "సేటు, నేనే పడగొట్టిన్నేమో. ఆమె పోయిన క్లాసునాడు వానల సంచి తడిసింది, అప్పుడు తీసి ఆరబెట్టిన. నా జీతంల పట్టుకో," అన్నాడు.

"జీతంతోని నా కాయితమొస్తదా అన్నా?" అని ఆమె బ్యాగులోంచి నాలుగు ఐదొందల నోట్లు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె ఫీజు బాకీ పదిహేనొందలుంది. బాకీ తీరితే తప్ప టెస్టుకు బండి ఇవ్వనని నాకింకో రూలు. "బాకీ తీస్కో. మిగిలిన ఐదొందలు ఎవల తప్పో తేలేదాక నీ దగ్గరనే ఉంచు. బండి మాత్రం ఆపకు. కాయితం దొరుకుతదో లేదో, బండన్న ఉండాలె."

నోట్లు లోపల పెడదామని గల్లాపెట్టె తెరిచాను. మా నాన్న కొట్లోని చెక్క గల్లా అది. పైన చిల్లరకు గూళ్లున్న ట్రే, పెద్ద నోట్లు ట్రే కింద. ట్రే ఎత్తాను.

నీలం ప్లాస్టిక్ కవరులోంచి స్వరూప ఫోటో నా వైపు చూస్తోంది.

అంతా గుర్తొచ్చింది. పది రోజుల కిందట ఆమె బాకీకి వారం గడువడిగింది. సరేనని, ఆమె మెట్లు దిగగానే ఫైల్లోంచి ఎల్ఎల్ఆర్ తీసి గల్లాలో పెట్టాను. ఎక్కువ బాకీ ఉన్నవాళ్ల కాగితం ఎక్కువ భద్రంగా ఉండాలని. మధ్యలో క్లాసులు లేక ఎవరికీ దాని అవసరం పడలేదు. నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా రెండోసారి చెప్పుకోలేదు.

గల్లా మూత నా వైపే తెరుచుకుంటుంది. వాళ్లిద్దరికీ ఏమీ కనబడదు. నిజం చెబుతున్నాను, ట్రే చేతిలో పట్టుకుని ఉన్న ఆ కాసేపట్లో నాకు మూడు ఉపాయాలు తోచాయి. బీరువా వెనక జారవిడిచి "అరే, ఈడ పడ్డది" అనొచ్చు. సంచి అడుగు పొరలోకి తోసి మళ్లీ వెతకమనొచ్చు. మధ్యాహ్నం బండిలో దొరికిందని ఫోన్ చేయొచ్చు. మూడూ పని చేసేవే. కానీ మూడింట్లోనూ తప్పు తిరిగి తిరిగి యాదగిరి మీదే పడుతుంది. ఆయన అప్పటికే దాన్ని నెత్తికెత్తుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

కవరు తీసి బల్ల మీద పెట్టాను.

"గల్లల ఉన్నదా?" అన్నాడు యాదగిరి.

"ఉన్నది."

"ఎవలు వెట్టిన్రు?"

"ఈ గల్లా తాళం ఎంతమంది దగ్గరుంది యాదన్నా?"

స్వరూప కవరు అందుకుని కొంగుతో తుడిచింది. వెలుతురుకు పట్టి తేదీ చూసుకుంది. బ్యాగులో పెట్టి జిప్ లాగి, మళ్లీ తెరిచి చూసి, మళ్లీ లాగింది. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక కుర్చీలో కూర్చుండిపోయింది. "నన్ను గల్లల తాకట్టు వెట్టుకున్నవా సేటు! మిత్తి ఎంతేసినవ్?"

నాకు సిగ్గు రావాలి. వచ్చింది గానీ కాస్త ఆలస్యంగా. ముందు మాత్రం గుండెల మీంచి బియ్యం బస్తా దించినట్టయింది. యాదగిరి కూడా తువ్వాలుతో ముఖం తుడుచుకుని నవ్వాడు. అయితే నా వైపు చూడలేదు. ఆ రోజంతా చూడలేదు.

ఆమె డ్యూటీకి పోయి ఐదున్నరకు వచ్చింది. పదో క్లాసు నేనే చెప్పాను. కొత్వాల్‌గూడ వైపు ఒక ఖాళీ ప్లాట్లో ఇటుకల మీద నీళ్ల సీసాలు నిలబెట్టి హెచ్ వేశాం. స్కూలు బండికి డ్యూయల్ కంట్రోల్ ఉంటుంది, అంటే ఇన్‌స్ట్రక్టర్ కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు. మొదటి మూడుసార్లు సీసాలు పడ్డాయి. నాలుగోసారి ఆమె వెనక్కి తిప్పుతూ నా వైపు చూడకుండానే అంది: "కాలు తియ్ సేటు. బ్రేక్ గూడ నువ్వే పట్టుకుంటవా?"

తీశాను. సీసాలు పడలేదు.

మర్నాడు ఆర్టీఏ ఆఫీసులో కంచె ఇవతల నేనూ యాదగిరీ నిలబడ్డాం. కాగితం అడిగితే ఆమె తన బ్యాగులోంచి తనే తీసి ఇచ్చింది. ఎవరి కాగితం వారి చేతిలో ఉండటం చూడడానికి ఎంత మామూలుగా ఉంటుందో! రివర్స్‌లో చివరి మలుపు దగ్గర బండి ఒక్క క్షణం ఆగింది. నా కాలు కంచె ఇవతల నేలను బ్రేకులా తొక్కింది. బండి కదిలింది. ఏ కర్రా ఊగలేదు. "పాసైంది," అన్నాడు యాదగిరి, మొదటిసారి నా ముఖంలోకి చూసి. లైసెన్సు పోస్టులో వచ్చేలోగా ఆన్‌లైన్ కాపీ చూపించి, ఒకటో తారీఖు కంటే రెండు రోజుల ముందే ఆమె పనిలో చేరింది.

ఈ పనిలో ఉన్నవాళ్లకు నాకు తెలిసినంతలో ఒక్క మాట చెబుతాను. ఒరిజినల్ చూడండి, నంబరు రాసుకోండి, అక్కడే తిరిగి ఇచ్చేయండి. కాగితం పట్టుకుంటే మనిషి ఆగుతాడనుకున్నాను. స్వరూప ఆగింది నా దగ్గర కాగితం ఉందని కాదు, యాదగిరి బాగా నేర్పుతాడని. ఆ మాట ఆమే చెప్పింది, నా మొహం మీదే.

ఇక లెక్క. ఆమె ఇచ్చింది రెండు వేలు. బాకీ పదిహేనొందలు. క్యాన్సిల్ చార్జీ లేదు. నా వల్ల ఆమెకు పోయింది సగం రోజు జీతం రెండొందల ఎనభై, ఆటోలకు వంద, కలిపి మూడొందల ఎనభై. అలవాటు ఊరుకోదు కదా, "మూడొందల యాభై చేద్దామా, రౌండు ఫిగర్?" అన్నాను. ఆమె నా వైపు ఒక చూపు చూసింది. బాకీలోంచి మూడొందల ఎనభై తీసేసి, మిగిలిన ఎనిమిదొందల ఎనభై లెక్కపెట్టి చేతిలో పెట్టాను.

ఆ వారం పందొమ్మిది మంది ఎల్ఎల్ఆర్‌లు ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేశాను. ఇద్దరు మళ్లీ రాలేదు. వాళ్ల బాకీ రెండు వేల తొమ్మిది వందలు. స్వరూప కొత్తగా ఎవరినీ చేర్పించలేదు, అంత ప్రేమేమీ లేదు. దించేసిన ఫ్లెక్సీ నూట యాభై. ఆమెకు తగ్గించింది మూడొందల ఎనభై. మొత్తం నా తెలివి ఖరీదు మూడు వేల నాలుగు వందల ముప్ఫై.

రౌండు చేయలేదు.