పసుపు పెట్టిన వాలు అక్షరాలు

మొన్న కంటి డాక్టరు దగ్గరకని నన్ను నరసరావుపేట తీసుకెళ్తే, బస్టాండు ఎదురుగా ఎవరో పెద్దాయన ఫ్లెక్సీ కట్టి ఉంది. నిలువెత్తు ఫొటో, దండ, కింద ‘కన్నీటి నివాళి’ అని లావాటి అక్షరాలు, అన్నీ కుడివైపుకు వాలి. చావు కబురుకు వాలు అక్షరాలేమిట్రా అని మనవణ్ణి అడిగాను. “అది ఫాంటు నాయనమ్మా, దేనికైనా వాడతారు,” అన్నాడు వాడు ఫోను మీంచి తలెత్తకుండా. డాక్టరు వేసిన చుక్కలకు కళ్లు కారాయి గాని నాకు ఏడుపు రాలేదు. నాకు ఏడుపు రాకపోవడం చాలా పాత సంగతి.

పందొమ్మిది వందల నలభైల్లో మా బాబాయికి అదే ఊళ్లో, మా ఇంటి ముందు గదిలోనే, కాలితో తొక్కే అచ్చు మిషను ఉండేది. చిన్న సీసపు అక్షరాలు మద్రాసు నుంచి తెప్పించేవాడు. వాల్‌పోస్టర్లకు కావలసిన జానెడు అక్షరాలు మాత్రం తనే కొయ్యతో చెక్కుకునేవాడు. వాటిలో ఎక్కడా సన్నగీత ఉండకూడదు, తలకట్టు నుంచి ఒత్తు దాకా ఒకటే లావు. చివర్లలో ముక్కులూ తోకలూ పనికిరావు. మనిషి పరుగెత్తేటప్పుడు ముందుకు వంగినట్టు అక్షరం మొత్తం కుడికి వాలాలి. నాటకమైనా, ఎద్దుల పందేలైనా, గుడారం సినిమా అయినా అవే అక్షరాలు. మాచర్ల రైల్లో పోయేవాడు కిటికీలోంచి ఒక్క చూపులో చదివేయాలని ఆయన పంతం. అచ్చులో కుడికి వాలాలంటే కొయ్య మీద ఎడమకు వాల్చి, తిరగేసి చెక్కాలి. అది సరిగ్గా వచ్చిందో లేదో అద్దంలో పెట్టి చూసి చెప్పే పని మా పిన్నిది. పిన్నికి చదువు రాదు. అందుకే ఆమెకు అక్షరం ఒట్టి బొమ్మలాగే కనబడేది. “ఇదేందండీ, ఇది ఉరకట్లా, పడిపోతంది,” అనేది. బాబాయి కస్సుమనేవాడు. “నాకు నువ్వు అచ్చరాలు నేర్పుతావా?” అని ఉలి విసిరేసి, కాసేపటికి మళ్లీ తెచ్చుకుని, ఆమె చెప్పినట్టే సరిచేసేవాడు.

శుభలేఖల్లో పెళ్లికూతురూ పెళ్లికొడుకుల పేర్లకని వాటినే వేలెడు సైజులో ఇంకో జత చెక్కాడు. పెద్దకర్మ కార్డులకు మాత్రం సన్నగా నిటారుగా నిలబడే సీసపు అక్షరాలే. అచ్చయిన శుభలేఖల కట్ట వసారాలోకి వస్తే నాయనమ్మా నేనూ కూర్చుని నాలుగు మూలలా పసుపు పెట్టేవాళ్లం. నాయనమ్మకూ చదువు రాదు. లావుగా వాలి ఉంటే పసుపు పెట్టాలి, నిటారుగా ఉంటే ముట్టుకోకూడదు, అంతవరకే ఆమెకు తెలుసు.

ఒక ఏడు వానల్లో పిన్ని నాలుగు రోజుల జ్వరంతో పోయింది. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. ఇంట్లో ఎవరం గట్టిగా ఏడవలేదు. అన్నం వండుకున్నాం, తిన్నాం, గిన్నెలు కడుక్కున్నాం. బాబాయి మిషను దగ్గర కూర్చుని పెద్దకర్మ కార్డు మీద ఆమె పేరు వాలు అక్షరాల్లో కూర్చాడు. నాన్న వద్దనబోతే, “అది సరిచూసిన అచ్చరాలన్నయ్యా. దాని పేరు వాటితోనే పడాల,” అన్నాడు. కట్ట వసారాలో ఆరబెట్టి స్నానానికి వెళ్లాడు. నాయనమ్మ వాటిని చూసి, అలవాటు ప్రకారం పసుపు గిన్నె తెచ్చుకుంది. నాకప్పుడు పదేళ్లు, నాలుగో తరగతి. మొదటి కార్డు మీద పిన్ని పేరు చదివాను. చదివి, మూలన పసుపు పెట్టాను. రెండోదానికీ పెట్టాను. నాయనమ్మకు ఒక్క మాట చెబితే సరిపోయేది. లోపల ఏమీ కదల్లేదు, చెయ్యి మాత్రం ఆగలేదు. బెల్లంకొండ పోయే బండివాడు వాకిట్లో నిలబడి తొందరపెడితే నేనే ఒక కార్డు తీసి, ఏ రోజో చెప్పి ఇచ్చాను. తర్వాత నాన్న చూసి, మిగతా కార్డుల మూలలన్నీ కత్తెరతో తీసేశాడు.

బెల్లంకొండలో పిన్ని మేనత్త ఉండేది. ముసలిది, ఒంటరిది. వాగు పొంగి చావు కబురు ఆమెకు అందలేదు, వాగు తీశాక బండివాడు తెచ్చిన కార్డే అందింది. పెద్దకర్మ నాడు పొద్దున్నే బుట్టలో చలిమిడి, ఆకుపచ్చ గాజులు పెట్టుకుని దిగింది. వాకిట్లో జనాన్ని చూసి సంబరపడిపోయింది. “మా పిల్లేదమ్మా? ఎన్నో నెల?” అంది. బొడ్లోంచి కార్డు తీసి చూపించింది. “పసుపుంది గదా. అచ్చరాలు గూడా ఉరుకుతుండాయి గదా. రోజు బండివాడు చెప్పె. ఇంక చదివించుకునేదేముందిలే అని వచ్చా.”

అప్పుడే బాబాయి గుండుతో బయటికొచ్చాడు. ఆ గుండు చూసి ఆమె బుట్ట మీద కొంగు కప్పేసింది. బాబాయి ఆమె చేతిలోంచి బుట్ట తీసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. చలిమిడి ముద్ద ఒకటి తీసుకుని మెల్లగా తిన్నాడు. కార్డు అందుకుని చూశాడు. మూలన పసుపులో నా చిన్న వేలిముద్ర స్పష్టంగా ఉంది. తలెత్తి నా వైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

ఆ వారంలోనే వాలు అక్షరాలన్నీ వేన్నీళ్ల పొయ్యిలోకి వెళ్లాయి. ఒక్కొక్కటే అందించింది కూడా నేనే. ఆ తర్వాత బాబాయి అన్నిటికీ నిటారు అక్షరాలే వాడాడు. ఇప్పుడు నాకు తొంభై దగ్గర పడుతున్నాయి. ఈ ఏళ్లన్నీ ఉరికాయో, పడిపోయాయో, అద్దంలో చూసి చెప్పగలిగిన మనిషి ఆ వానల్లోనే పోయింది.