ఆరో నంబరు ప్రశ్న

కండక్టరమ్మకు కూర్చోవడం రాదు. నడుంనొప్పి వల్లా కాదు, మొండితనం వల్లా కాదు. బస్సులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నిలబడే బతికింది. టిక్కెట్లు కొట్టడం, చిల్లర సర్దడం, "లోపలికి జరగండమ్మా, ఇంకొంచెం జరగండి, వెనకాల బోలెడు చోటుంది" అని అరవడం, అన్నీ నిలబడే. ఇప్పుడు జనం ఓట్లేసి శాసనసభలో మెత్తటి కుర్చీ ఒకటి ఇప్పించారు. ఆ కుర్చీలో ఆవిడ పట్టుమని పది నిమిషాలు కూర్చుంటే ఒట్టు. కాసేపు అంచున కూర్చుంటుంది, లేచి చీర సర్దుకుంటుంది, తలుపు దగ్గరికి వెళ్ళొస్తుంది. చూసేవాళ్ళకు ఆవిడ దిగాల్సిన స్టాపు దగ్గర పడిందేమో అనిపిస్తుంది.

కండక్టరమ్మ అన్న పేరు సభలో స్థిరపడింది కూడా ఆవిడ నోటి వల్లే. కొత్తలో ఒక మంత్రిగారు జవాబును గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంటే, ఒక్క ముక్కా అందక, ఈవిడ లేచి "హోల్డాన్!" అని కేక పెట్టింది. మంత్రిగారు టక్కున ఆగిపోయాడు. సభ ఘొల్లుమంది. స్పీకర్ గారు నోటికి కాగితం అడ్డం పెట్టుకున్నారు. ఆ రోజు నుంచీ అటు పక్షం వాళ్ళూ ఇటు పక్షం వాళ్ళూ ఆవిడను కండక్టరమ్మ అనే పిలుస్తున్నారు. అంతకుముందు ఆ కేకకు ఆగిన మనిషి లోకంలో ఒక్కడే. ఆ బస్సు నడిపిన డ్రైవరు. ఆవిడ రైట్ అంటే కదిలేవాడు, హోల్డాన్ అంటే ఆగేవాడు. అలా కదిలీ ఆగీ, చివరికి ఆవిడ మెళ్ళో తాళి కట్టాడు.

రాజకీయాల్లోకి రావాలని ఆవిడ కలలేమీ కనలేదు. డిపోలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదని మేనేజరును అడిగింది. ఆయన పైవాళ్ళను అడగమన్నాడు. పైవాళ్ళు ఇంకా పైవాళ్ళను చూపించారు. ఈవిడ ఎవర్నీ వదల్లేదు. మెట్టుకో మనిషిని అడుగుతూ పోతుంటే, ఎక్కడో ఒకచోట ఎన్నికలు తగిలాయి. నిలబడమన్నారు, నిలబడింది. అధికార పార్టీ వాళ్ళే టిక్కెట్టిచ్చారు. ఇన్నాళ్ళూ టిక్కెట్లు ఇచ్చిందే తప్ప పుచ్చుకున్నది లేదు పాపం, ఆ ముచ్చటా తీరింది.

సభలో అడగడం డిపోలో అడిగినట్టు కాదని ఆవిడకు మొదటి సమావేశాల్లోనే తెలిసొచ్చింది. ప్రశ్నను ముందుగా రాసివ్వాలి, దానికో నంబరు పడుతుంది, నంబరు పిలిచినప్పుడు మనిషి సీట్లో ఉండాలి. లేకపోతే ప్రశ్న గల్లంతు. అన్నిటికంటే పెద్ద గొయ్యి ఇంకోటుంది. ప్రశ్నను ఎ, బి, సి అని ముక్కలు చేస్తారు. ఎ ముక్కకు మంత్రిగారు "కాదండి" అనేస్తే, బి, సి ముక్కలకు "ప్రశ్న ఉత్పన్నం కాదు" అంటారు. అంటే ఆ ప్రశ్న పుట్టనే లేదన్నమాట. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు కండక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది. "నోరారా అడిగితే పుట్టలేదంటాడేంటి?" అని లాబీలో ఎదురైన వాళ్ళందరికీ చెప్పుకుంది. అందరూ నవ్వి, అలవాటైపోతుందిలెమ్మన్నారు.

ఈసారి అలా జరగకూడదని ఎ ముక్కను ఎంతో జాగ్రత్తగా రాసింది. తమ ఊరి ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్ చాలాకాలంగా పనిచేయడం లేదన్న విషయం వాస్తవమేనా? దీనికి కాదండి అనడానికి ఎవరికైనా గుండెలు చాలవని ఆవిడ ధీమా. ఊరు ఊరంతా చూస్తోంది కదా, ఆ గదికి వేసిన తాళం.

ఆ తాళం ఆవిడ ఇంట్లోకే వచ్చింది మరి. డ్రైవరు గారి కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు పక్క జిల్లా పెద్దాసుపత్రికి తెల్లవారి బస్సులో పోవాలి, సాయంత్రానికి పిండేసిన గుడ్డలా రావాలి. కారులో పంపిస్తానంటే వద్దన్నాడు. రాజధానిలో తన క్వార్టర్స్‌కి వచ్చి ఉండమన్నా రానన్నాడు. అదే బస్సులో, అదే జబ్బుతో ఊళ్ళోవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళంతా ఒక జట్టు. "నేనొక్కణ్ణీ కారెక్కితే వాళ్ళ మొహం ఎలా చూడను?" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆవిడకు గర్వంగానూ ఉండేది, నెత్తిన ఒకటి మొట్టాలనీ ఉండేది.

ప్రశ్న ఆరో నంబరుగా పడింది. ప్రశ్నలకు కేటాయించిన గంటలో ఆరోదాకా రావడమే గగనం. ఆ పొద్దున కండక్టరమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మొదటి ప్రశ్న అడిగినాయన తన నియోజకవర్గం చరిత్ర ఎత్తుకున్నాడు. రెండోదానికి జవాబిచ్చిన మంత్రి దానికి ముందరి చరిత్ర చెప్పాడు. మూడోది నడుస్తుంటే ఈవిడ గోడ గడియారాన్నీ, స్పీకర్ గారి మొహాన్నీ మార్చి మార్చి చూసి, లాభం లేదని కుర్చీలోంచి లేచింది.

తలుపు దగ్గర విప్ గారు పట్టుకున్నాడు. పార్టీ సభ్యులెవరూ గీత దాటకుండా కాపలా కాసే మనిషి. వయసులో చిన్నవాడు, మాటలో తేనె.

"అక్కా, శుభవార్త. మీ మిషన్ వచ్చేసింది. నిన్న సాయంత్రమే బిగించారు. మీ ప్రశ్న రాగానే మంత్రిగారు కాదండి అంటారు. మీరు లేచి ధన్యవాదాలు చెప్పి కూర్చోండి, అంతే."

"నిజంగానా తమ్ముడూ?"

"బావగారికి ఫోన్ చేసి కనుక్కోండి."

లాబీలో కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చేసింది. అటువైపు డ్రైవరు గారి గొంతులో చాలాకాలానికి హుషారు.

"మన ఊళ్ళోనే కండక్టరమ్మా! ఇంట్లోంచి నడుచుకుంటూ వచ్చాను. పడుకోబెట్టారు, సూది గుచ్చారు, ఎదురుగా టీవీలో మీ సభ. ఇదిగో, ఇప్పుడే నీ ఖాళీ కుర్చీ చూపించారు."

ఆవిడకు కళ్ళు చెమర్చాయి. "ఎలా ఉంది ఒంట్లో?"

"హాయిగా ఉంది. ఈ పక్కన ఒక పెద్దాయన కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. పాపం, మిషన్ వెనకాలే బస్సెక్కి వచ్చాడట."

"మిషన్ వెనకాల రావడమేంటండీ?"

"అదే, వాళ్ళ ఊరిదట ఇది. పక్క నియోజకవర్గం. నిన్న తన వంతుకి వెళితే లారీలోకి ఎక్కిస్తున్నారట. ఎక్కడికని అడిగి, పొద్దున మొదటి బస్సుకి వచ్చేశాడు. మీరు లేచాక నన్నూ పడుకోబెడతారా బాబూ అంటున్నాడు."

కండక్టరమ్మకు సంగతి అర్థమైంది. పక్క నియోజకవర్గం ప్రతిపక్షానిది. అక్కడి సభ్యుడు మాస్టారు, నోట్లో నాలుక లేని మనిషి. ఎవరి బుర్రలో పుట్టిందోగానీ లెక్క బాగానే కుదిర్చారు.

ఆవిడ ఏం చేయబోతోందో అవతల డ్రైవరు గారికి తెలిసిపోయింది. ఆవిడ ఎక్కడ గంట కొడుతుందో ఆయనకు తెలియదా?

"ఇదిగో, విను," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వేం అడక్కు. ఇన్నాళ్ళూ నిన్ను నేనేదీ అడగలేదు. అలసిపోయానే. ఆ బస్సు నావల్ల కాదు."

ఫోన్ పెట్టేశాక కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఆయన అలసిపోయానన్న మాట ఆవిడ ఇదే వినడం. వాన నీళ్ళల్లో బస్సు నడిపి ఇంటికొచ్చి కూడా అనలేదు. ఇందాకటిదాకా తన నంబరు వస్తే చాలని మొక్కుకున్న మనిషి, ఇప్పుడు రాకపోతే బాగుండని కోరుకుంటోంది. లోపల నాలుగోది నడుస్తోంది. అసలు లోపలికి వెళ్ళకపోతేనో? ప్రశ్న దానంతటదే పోతుంది. ఎవరూ తప్పు పట్టరు. విప్ గారు టీ తెప్పిస్తాడు. ఆయన ఎల్లుండి కూడా ఇంట్లోంచి నడుచుకుంటూ ఆసుపత్రికి వెళతాడు.

అనుకున్నంత సేపు అనుకుంది. కాళ్ళు మాత్రం తలుపు వైపే నడిచాయి. ఒక మనిషిని దింపేసి ఆ సీట్లో తన వాళ్ళను కూర్చోబెట్టుకునే పని బస్సులో ఒక్కనాడూ చేయలేదు. చేయమన్న పెద్దమనుషుల్ని తిట్టి పంపింది. అయినా లోపలికొచ్చి కూర్చున్నాక మళ్ళీ భయమేసింది. ఐదో ప్రశ్న ఆయన ఇంకాసేపు మాట్లాడితే బాగుండు, గంట దాటిపోతే బాగుండు, పాపం తన తలమీంచి పోతుంది. ఎప్పుడూ సాగదీసే ఆ మహానుభావుడు ఆవేళ మాత్రం రెండు ముక్కల్లో ముగించి కూర్చున్నాడు.

"ఆరో ప్రశ్న," అన్నారు స్పీకర్ గారు.

ఆరోగ్య మంత్రి నిమ్మకు నీరెత్తినట్టు లేచాడు. "ఎ. కాదండి. మిషన్ పనిచేస్తున్నది. బి, సి. ప్రశ్న ఉత్పన్నం కాదు."

పార్టీవాళ్ళు బల్లలు చరిచారు. విప్ గారు దూరం నుంచి చిరునవ్వుతో తల ఊపాడు. కండక్టరమ్మ లేచి ముందు కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది. సభలో ఎక్కడో పైన కెమెరా ఉంది. ఆ కెమెరాకు అవతల ఆయన, చేతికి గొట్టాలతో. పక్కన ఆ పెద్దాయన.

"అధ్యక్షా, మిషన్ పనిచేస్తున్న మాట నిజమే. మా ఇంటాయనే దానిమీద ఉన్నాడు ఇప్పుడు." సభ మళ్ళీ బల్లలు చరిచింది. చప్పుడు ఆగేదాకా ఆగింది. "అది మొన్న ఎక్కడుందో మంత్రిగారు చెప్పాలి."

మంత్రిగారు వెనక్కి తిరిగి అధికారుల వైపు చూశాడు. ఒక చీటీ వచ్చింది. "తాత్కాలిక సర్దుబాటులో భాగంగా, అవసరాన్ని బట్టి..."

"హోల్డాన్," అంది కండక్టరమ్మ. ఈసారి కేక పెట్టలేదు, ఎవరూ నవ్వలేదు. "బస్సులో ఒకర్ని లేపి ఇంకొకర్ని కూర్చోబెడితే దాన్ని మేం సర్దుబాటనం. ఆ లేచినాయన మాస్టారి ఊరి నుంచి మా ఊరిదాకా వచ్చి కూర్చున్నాడు, తన వంతు ఎప్పుడని. ఆయనకేం చెప్పమంటారు?"

ఎదుటి వరుసలో మాస్టారు తలెత్తి చూశాడు. తన ఊరి మిషన్ సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. మరుక్షణం ఆ పక్షమంతా లేచి నిలబడింది. ఆ గోలలో మంత్రిగారు సమాచారం తెప్పించుకుంటామనీ, కొత్త మిషన్ల ప్రతిపాదన పరిశీలనలో ఉందనీ ఏదో చదివాడు. గంట మోగింది. విప్ గారు ఆవిడ పక్కనుంచే వెళ్ళాడు, అక్కా అని పిలవలేదు.

సాయంత్రానికి ఊళ్ళో ఇల్లు చేరింది. డ్రైవరు గారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"తీసుకుపోయారా?" అని అడిగింది.

"ఆఁ. టీవీలో అంత గోలయ్యాక ఉంచుతారా? నాది అయీ అవగానే ఊడదీశారు." గోడవైపు తిరిగే అన్నాడు, "ఆ పెద్దాయన లారీలోనే ఎక్కి కూర్చున్నాడు, మిషన్ మళ్ళీ దారి తప్పుతుందేమోనని. దిగమంటే దిగలేదు."

ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "కోపమా?"

"నువ్వు చేసింది తప్పనను. కానీ ఈ రెండ్రోజులూ నాతో మాట్లాడకు."

ఆవిడ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఆవిడ ఒంటికి పడని పని. వంటింట్లోంచి వాకిట్లోకీ వాకిట్లోంచి వంటింట్లోకీ తిరిగి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగి, ఆ రెండ్రోజులూ ఎలాగో గడిపింది.

మూడోనాడు తెల్లవారి బస్సుకి ఆయనతోపాటు తనూ బయల్దేరింది. సభకు ఆవేళ కూడా ఎగనామం పెట్టింది. జట్టువాళ్ళు ఆవిడను చూసి గబగబా సీట్లు ఖాళీ చేయబోయారు. వద్దంది. డ్రైవరు గారు కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో తన సంచీ పెట్టాడు. ఆవిడ ఆ సీటు పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది. ఊరు దాటింది. కంకర తేలిన రోడ్డు వచ్చింది. ప్రతి గుంతకూ ఆయన కళ్ళు మూసుకోవడం, సీటు అంచు పట్టుకోవడం ఆవిడ మొదటిసారి చూసింది. ఎన్నో ప్రశ్నలు రాసింది గానీ ఆ బస్సు ఒక్కసారీ ఎక్కలేదు. ఎల్లుండి మళ్ళీ ఇదే రోడ్డు, ఆ తర్వాతా ఇదే రోడ్డు, అదీ తను అడిగినందుకే.

సగం దారిలో ఆయన కళ్ళు తెరిచి, బయటికే చూస్తూ, సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కండక్టరమ్మ కూర్చుంది.