ఎర్రగుట్ట మీద గంగయ్య కాపలా

బాన్సువాడ నుంచి పిట్లం పోయే దారిలో ఒకచోట మట్టిబాటకు మళ్లితే ఎర్రగుట్ట వస్తుంది. గుట్ట కింద ఊరు, గుట్ట నెత్తిన మైసమ్మ రాయి, ఆ రాయికి కాస్త ఎడంగా గంగయ్య గుడిసె. సీతాఫలాల కాపలాకని వేసుకున్న గుడిసె అది. కాయల కాలం పోయి నెల దాటినా గంగయ్య దిగడు. ఎందుకు దిగవని అడిగితే మోకాళ్లు నొప్పులంటాడు. అంత నొప్పులున్న మనిషి పొద్దున గుట్ట చుట్టూ ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎలా తిరుగుతాడో ఎవరూ అడగరు. అసలు ఊళ్లో అతన్ని ఏదైనా అడిగేవాళ్లే తక్కువ.

మూడేళ్ల కిందట ఎవరో గుప్తనిధుల కోసం మైసమ్మ రాయి పక్కన నిలువెత్తు గుంత తవ్విపోయారు. గుంత అంచున కోసిన నిమ్మకాయలు, పసుపు, ఒక నల్లకోడి తల దొరికాయి. ఆ రాత్రి గంగయ్య గుడిసెలోనే ఉన్నాడు, జ్వరంతో ఒళ్లు తెలియకుండా. వినబడలేదంటే నమ్మిందెవరు? "గంగయ్యకు తెల్వకుంట గుట్ట మీద చీమ సుత పారది" అని మొదట అన్నవాడు పండరి. ఊళ్లో వరి, చెరుకు బాగా పండించే పెద్దరైతు అతను. అతను అన్నాక ఊరు అన్నట్టే. కేసు పెట్టినా బాగుండేది, అటో ఇటో తేలిపోయేది. కేసూ లేదు, పంచాయితీ లేదు. తాతల నాటి నుంచి పండగ నాడు మైసమ్మకు మొదటి నీళ్ల బిందె పోసేది గంగయ్య ఇంటివాళ్లే. ఆ ఏడు ఆ బిందె చప్పుడు కాకుండా వేరే ఇంటికి పోయింది. భార్య పోచవ్వ పండగ రోజు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంది.

అప్పటి నుంచి గంగయ్యకు ఒకటే ఆశ. ఆ దొంగలు మళ్లీ వస్తారు. వచ్చినప్పుడు తన చేత్తో పట్టివ్వాలి. పేరు కడుక్కోవాలి, బిందె ఇంటికి తెచ్చుకోవాలి.

ఇలాంటి మనిషి దగ్గరికి, డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం, బాన్సువాడ నుంచి ఐదుగురు పడుచు పిల్లలు వచ్చి ఈ రాత్రి గుడిసెలో పడుకుంటామన్నారు. వాళ్లను తీసుకొచ్చిన వెస్లీ బాన్సువాడలో ఏదో ఆఫీసులో పనిచేస్తాడు.

"ఏం పని మీద వచ్చిండ్రు?" అని అడిగాడు గంగయ్య.

"పనేం లేదు పెద్దయ్యా. ఊకెనే, ట్రెక్కింగ్. రేపు దిగిపోతం" అన్నాడు వెస్లీ.

మేకలు తప్పిపోతేనో కట్టెలు కావలసి వస్తేనో తప్ప గుట్ట ఎక్కినవాణ్ణి గంగయ్య పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పని లేదన్నాడంటే పెద్ద పనే ఉన్నట్టు. సరేనని గుడిసె ఇచ్చి, నిప్పు రాజేసే వంకతో అక్కడే చతికిలబడి, వాళ్లు సంచులు విప్పుతుంటే కళ్లప్పగించి చూశాడు. ఆరు నిమ్మకాయలు బయటికి వచ్చాయి. గంగయ్య నిప్పు ఊదడం ఆపేశాడు. తర్వాత ఉప్పు పొట్లం. ఆ తర్వాత పసుపు దట్టంగా పట్టించిన కోడి ముక్కలు. చివరికి సౌజన్య అనే పిల్ల సంచిలోంచి ఒక చిన్న పార, కలుపు తీసే ఖుర్పి అంత ఉంటుందేమో, తీసి గోడకు ఆనించింది.

"నిమ్మకాయలెందుకు బిడ్డా?"

"నీళ్లల్ల పిండుకుంటం. ఎక్కేటప్పుడు నీరసం రాది."

నీళ్లలో పిండుకునే కాయలు అంత నిగనిగలాడేవి ఏరి తేవాలా? ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల కంటికి నిధి కనబడుతుందని గంగయ్య చిన్నప్పటి నుంచి విన్నాడు. ఆడపిల్లను ఎందుకు వెంటేసుకొచ్చారో అర్థమైపోయింది.

"బిడ్డా, నువ్వు కాళ్లతోటి పుట్టినవా, తలతోటి పుట్టినవా? మీ అవ్వ ఏమన్న చెప్పిందా?"

సౌజన్య ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. "ఆపరేషన్ చేసి తీసిండ్రు పెద్దయ్యా."

ఆ జవాబు ఏ లెక్కలోకి వస్తుందో గంగయ్యకు తెలియలేదు. అనుమానం మాత్రం పెరిగింది.

రాత్రి గొంగడి కప్పుకుని, గుడిసె బయట, మైసమ్మ రాయి కేసి తిరిగి కూర్చున్నాడు. సౌజన్య బయటికి వచ్చి, "లోపల జాగ ఉంది పెద్దయ్యా, చలి పెడ్తుంది, రా" అంది. చలి లేదన్నాడు గంగయ్య, పళ్లు టకటకలాడుతుండగా. ఆ పిల్ల ఇంకో రెండుసార్లు తలుపు తీసి చూసింది. చూసిన ప్రతిసారీ అతను, నేను పడుకున్నానా లేదా అని చూస్తోంది దొంగపిల్ల, అనుకున్నాడు.

తెల్లవారుజామున ఆ పిల్ల చిన్న పార, నీళ్ల సీసా పట్టుకుని మైసమ్మ రాయి వెనుక పొదల వైపు పోయింది. పావుగంటకు తిరిగి వచ్చి పారను యథాప్రకారం గోడకు ఆనించింది. గంగయ్య చెట్టు చాటుకు పోయి పండరికి ఫోన్ చేశాడు.

"పండరన్నా, గుంత తవ్వెటోళ్లు దొరికిండ్రు. జెల్ది రా."

పండరి వాళ్లు ఎక్కి రావడానికి అరగంట పడుతుంది. ఈలోగా గంగయ్యకు భయం పట్టుకుంది. వాళ్లొచ్చాక అక్కడ ఏమీ లేకపోతే? ఉన్న చెడ్డపేరు చాలదా? ముందు తనే చూసుకోవాలి. గుడిసె దగ్గర పిల్లలు చాయ్ కాచుకుంటుండగా ఆ పార తీసుకుని పొదల వైపు పోయాడు. కొత్తగా కప్పిన మట్టి కనబడింది. మట్టి మీద రెండు పుల్లలు అడ్డంగా నిలువుగా గుచ్చి ఉన్నాయి. మంత్రం వేసిన గుర్తు కాకపోతే ఇంకేమిటి? మైసమ్మకు దండం పెట్టుకుని, పుల్లలు పీకేసి, రెండు పోట్లు పొడిచాడు.

"వాటా కాడ తేడా వచ్చిందా గంగయ్యా?"

వెనక పండరి నిలబడి ఉన్నాడు, ఇంకో ఇద్దరితో. చేతిలో పార, ముందు తవ్విన మట్టి, పక్కన మైసమ్మ రాయి. గంగయ్య ఆ మట్టి పక్కనే కూలబడ్డాడు. మూడేళ్ల కాపలా ఇలా తన మెడకే చుట్టుకుంది.

గొంతులు విని సౌజన్య, వెస్లీ పరుగెత్తుకొచ్చారు. ఆ పిల్ల పారను చూసింది, మట్టిని చూసింది. ముఖం ఎర్రబడింది. ముగ్గురు మగవాళ్ల ఎదుట చెప్పే మాట కాదు అది. అయినా చెప్పింది.

"ఆ గుంత నేను తవ్విన. పొద్దుగాల బయటికి పోయిన, పోయినంక మట్టి కప్పిన. ఇంకొకరు అక్కడ తవ్వకుండ పుల్లలు గుచ్చుతం. నమ్మకపోతే ఇంకింత తవ్వుకొని చూడుండ్రి."

పండరితో వచ్చినవాళ్లు చూపులు పక్కకు తిప్పుకున్నారు.

"ఈయన రాత్రంత నిద్ర పోలే" అంది సౌజన్య. "చలికి వణుక్కుంట ఆ రాయినే చూసుకుంట కూసున్నడు. నేను మూడుసార్లు లేచి చూసిన. తవ్వుకునేటోడైతే గట్ల ఎందుకు కూసుంటడు?"

పండరి మాత్రం తగ్గలేదు. "ఇయ్యాలటిది సరే. మూడేండ్ల కిందటి సంగతి నీకేమెరుక?"

"నాకెరుక లేదు. అప్పుడు నేను లేను. మీరున్నరా?"

పండరి వెంట వచ్చినవాళ్ల వైపు తిరిగి, "నడువుండ్రి" అన్నాడు. ముగ్గురూ వచ్చిన దారినే దిగిపోయారు.

మీరున్నారా అని మూడేళ్లలో ఊరిలో ఒక్కరూ అడగలేదు. అడగవచ్చని గంగయ్యకే తోచలేదు. నిమ్మకాయలు చూసి తాను దొంగను చేసిన పిల్ల అడిగింది.

"బిడ్డా, రాత్రి సంది నేను నిన్నే దొంగ అనుకున్న" అన్నాడు, తల ఎత్తకుండా.

"ఎరుకే పెద్దయ్యా" అంది సౌజన్య, అతను లేవడానికి చెయ్యి అందిస్తూ.

మట్టి అంటిన చేతిని గొంగడికి అటూ ఇటూ తుడుచుకున్నాక గాని గంగయ్య ఆ చెయ్యి పట్టుకోలేకపోయాడు.