పొలాల మరునాటి తాడు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు నిండిన ఏట, పొలాల అమావాస్య మరునాడు ఉదయం ఆరున్నర గంటలకు, కాడికి కుడివైపు కట్టే మా వలపటి ఎద్దు మేత ముట్టలేదు. సన్నని ముసురు పడుతోంది. వాగు పొంగి, ఆ వేళకు రావలసిన ఇచ్చోడ బస్సు అవతలి ఒడ్డునే ఆగిపోయింది కనుక గంట కూడా నాకు గుర్తుంది.

మా ఆదిలాబాద్ వైపు పొలాల పండుగనాడు ఎద్దుకు పని చెప్పరు. కొమ్ములకు రంగు వేసి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ దాని కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, శనగపప్పు, బెల్లం కూరిన పోలె తినిపిస్తుంది. వద్దంటే ఆ ఇంటిని చిన్నచూపు చూసినట్టే. ఏడాదంతా జొన్నచొప్ప నమిలిన కడుపు ఒక్క పూటలో అన్ని పోలెలను అరిగించుకోలేకపోయింది. ఎడమ డొక్క డోలులా బిగుసుకుంది. అది పడుకుంటే ఇక లేవదని బాపుకు, అంటే మా నాన్నకు, తెలుసు. ఆ ఎద్దు లేకపోతే యాసంగి జొన్న విత్తే దారి మాకు లేదు.

పశువుల డాక్టరు వాగు దాటి రాలేడని తేలాక, బాపును కన్నతల్లి అయిన మా బాపమ్మ పని చేతిలోకి తీసుకుంది. వాము, అల్లం నూరి, ఇంగువ కలిపి, నువ్వుల నూనెలో రంగరించింది. ఎద్దు తల మరీ ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుందని బాపును హెచ్చరిస్తూ, వెదురు గొట్టంతో కొద్దికొద్దిగా తాగించింది. నిన్న అందరికంటే పెద్ద పోలెలు పెట్టిన పక్కింటి చిన్నమ్మ గోడ అవతలి నుంచి చూసి, ఎద్దుకు దిష్టి తగిలిందని తేల్చేసింది.

"దిష్టి గాదు, నీ పోలె తగిలింది," అంది బాపమ్మ, తల తిప్పకుండానే.

తరువాత ఆమె చేసిన పనే నాకు పాఠమైంది. ఒక తాడును ఎద్దు కడుపు చుట్టూ, ఒంటికి తాకేలా చుట్టి ముడి వేసింది. ఉబ్బు తగ్గితే తాడు వదులవుతుందని, దాని కింద నా వేళ్లు ఎన్ని పడతాయో చూడమంది. ఒక్కటీ పట్టలేదు. అడిగినప్పుడల్లా అలాగే చూసి చెప్పమని నన్ను అక్కడే నిలబెట్టింది.

కాసేపటికే బాపు ముఖం తేటపడింది. "తగ్గిందే అవ్వా. జర తగ్గినట్టే ఉంది," అన్నాడు. బాపమ్మ నా వైపు చూసింది. నేను వేలు పెట్టి చూసి, పట్టలేదన్నాను.

"నీకు ఎద్దు మీద పాయిరం ఉందిరా. నీ కండ్లు నీకు నచ్చిందే చెప్తయి. తాడుకు పాయిరం లేదు," అంది బాపుతో. పాయిరమంటే మా వైపు ప్రేమ. ఎద్దు ముందుకాళ్లను ఎత్తైన చోట నిలిపి డొక్క మర్దన చేయమని బాపుకు చెప్పి, మళ్లీ మందు నూరడానికి కూర్చుంది. మధ్యాహ్నానికి ఎద్దు మెడ చాచి నా ముఖం మీదే త్రేన్చింది. పులిసిన బెల్లం, వాము కలిసిన వాసన. ఒక వేలు పట్టింది.

పశువైద్యం చదువుతున్న నా మనుమరాలు ఈ మధ్య సెలవులకు వచ్చి, పశువుల త్రేన్పులోని మీథేన్ వాయువు భూమిని వేడెక్కిస్తుందని, వెల్లుల్లి, కరక్కాయ వంటి ఔషధ మొక్కలను దాణాలో కలిపి దానిని తగ్గించవచ్చేమో పరీక్షిస్తున్నారని చెప్పింది. రెండు పనులూ ఒకటి కావు. బాపమ్మ చిక్కుకున్న గాలిని బయటికి రప్పించింది. వీరు ఆ గాలి పుట్టుకనే తగ్గించాలంటున్నారు. అయినా కంటిని నమ్మక కొలిచి చూడాలన్న నియమం ఒకటే. అందుకే మా కొట్టంలోని నాలుగు బర్రెలలో రెండింటికి ఆమె ఇచ్చిన ఆ మొక్కల పొడి దాణాలో కలుపుతున్నాను, పోల్చి చూడటానికి రెండింటికి కలపడం లేదు.

"పొడి తిన్నయి తక్కువ త్రేన్చుతున్నయి గదా అమ్మమ్మా?" అని అడిగింది మొన్న.

"నీకు ఆ పొడి మీద పాయిరం ఉంది బిడ్డా. ఆ గాలిని కొలిచే మిషన్ రానీ," అన్నాను.

తగ్గితే మిషనే చెబుతుంది. తగ్గకపోతే మరో మొక్కను చూస్తాం. మొక్కలకు మా అడవిలో కొదువ లేదు, కొలిచేవారికి భయమూ లేదు. మనసుపడ్డదాన్నే ముందుగా కొలవాలన్న ఆ నియమం నన్ను ఇంతవరకు మోసం చేయలేదు.

ఆ నాటి లెక్క ఇది. తాడు కింద ఉదయం పట్టిన వేళ్లు సున్న. మధ్యాహ్నం ఒకటి. దీపాలు పెట్టే వేళ ఎద్దు నెమరు వేయడం మొదలుపెట్టింది. బాపు ఈసారి నా చేతి వైపే చూశాడు. అప్పుడు పట్టినవి నాలుగు.