మేడమీది ఫోనుకి ఇరవై ఒకటి

కుళ్ళు అనే మాట నాకు నచ్చదు. అసూయ అంటే కాస్త చదువుకున్నట్టు ఉంటుంది. కానీ నేను పడ్డది మాత్రం కుళ్ళే. అదీ ఎవరి మీద? పదో తరగతి లెక్కల్లో తప్పి చదువు మానేసిన మా తోడికోడలి మీద. నేనేమో ఏళ్ళ తరబడి హైస్కూల్లో లెక్కలు చెబుతున్నదాన్ని.

శ్రీకాకుళంలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద మేం ముగ్గురం ఉంటాం: నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. మేడమీద మా బావగారు, ఆయన భార్య. ఆవిడని నేను అక్కా అని పిలుస్తాను. వాళ్ళబ్బాయి ఇంజనీరింగు చదవడానికి విజయనగరం హాస్టలుకి వెళ్ళినప్పటి నుంచీ మా అమ్మాయి సాయంత్రాలన్నీ మేడమీదికి మారిపోయాయి. బడి నుంచి రావడం, సంచీ భుజాన ఉండగానే నేనిచ్చిన పాలు నిలబడి తాగేయడం, మెట్లెక్కేయడం. ఎనిమిదింటికి అన్నానికి పిలిస్తే గానీ దిగేది కాదు. పైనుంచి నవ్వులు వినబడేవి. నా దగ్గర అది అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఎంత ఆలోచించినా గుర్తొచ్చేది కాదు.

"ఏటుందే అక్కడ?" అని ఒకరోజు అడిగేశాను.

"ఏటీ లేదమ్మా. పెద్దమ్మ ఉన్నాది," అంది.

ఆ జవాబు విన్నాక రాత్రి నాకు అన్నం సయించలేదు. పెద్దమ్మ ఉంటే ఏమిటట? కింద అమ్మ లేదా? చివరికి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, అంతా ఆ టీవీ మహిమ అని. మేడమీద గోడంత టీవీ ఉంది. ఇంటర్నెట్టు కింద మా హాల్లోని రౌటరు నుంచే పైకి వెళుతుంది. అంటే నేను బిల్లు కడుతున్న తీగ పట్టుకునే నా కూతురు నా నుంచి దూరంగా పోతోందన్నమాట.

సాకు కూడా దానంతటదే దొరికింది. ఒక ఆదివారం ఆ టీవీలో ఏదో వంటల వీడియో మధ్యన చూడకూడని ప్రకటన ఒకటి వచ్చిందట. మా ఆయన ఉలిక్కిపడ్డారు. "గుంట ఎదుగుతన్నాది. నువ్వు టీచరువి కదా, ఏదో ఒకటి సెయ్యే," అన్నారు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు మర్నాడే మా బడిలో కంప్యూటర్లు చెప్పే మాస్టారిని పట్టుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన కాగితం మీద గీసి చెప్పారు. మనం సైటు పేరు కొడతాం గానీ యంత్రానికి పేర్లు తెలీవు, దానికి అంకెలే తెలుసు. పేరు చెబితే అంకె చెప్పే మనిషి లాంటిది డీఎన్ఎస్. కొత్త ఊళ్ళో దిగి ఫలానా వాళ్ళిల్లు ఎక్కడ అని బడ్డీ కొట్టు దగ్గర అడిగినట్టు. ఫిల్టరు ఉన్న డీఎన్ఎస్ పెట్టుకుంటే, చెడ్డ ఇంటి పేరు అడిగినప్పుడు ఆ కొట్టువాడు "అలాటి ఇల్లు ఈ ఊళ్ళో లేదు" అనేస్తాడు. అంతే. గోడలు కట్టక్కర్లేదు, తాళాలు వెయ్యక్కర్లేదు.

"ఇంకోటి మేడమ్," అన్నారు మాస్టారు. "ఇంట్లో ప్రతి ఫోనుకీ ఒక ఐపీ అడ్రసు, అంటే మారని నంబరు, ఇచ్చుకోండి. అప్పుడు ఏ ఫోను ఏ సైటు అడిగిందో రౌటరు పేజీలో వరసగా కనబడతాది."

ఆయన మామూలుగానే చెప్పారు. ఆ రెండో ముక్క విన్నాక మొదటిది నాకు సగం మరపుకొచ్చింది.

అడ్రసులు పంచడంలో నా బుద్ధి చూడండి. చివరి సంఖ్య ఒక్కటే మన ఇష్టం, ముందున్నవన్నీ అందరికీ ఒకటే. ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళతో మొదలు పెడతారు. విస్తళ్ళు వేసినా బట్టలు పెట్టినా మా ఇంట్లో బావగారూ అక్కా ముందు. నేను మాత్రం రౌటరు నా హాల్లో ఉంది కాబట్టి కింది వాటాకి పది నుంచి ఇచ్చాను. మా ఆయనకి పది, నాకు పదకొండు. మేడమీదికి ఇరవై నుంచి. బావగారి ఫోనుకి ఇరవై, అక్క ఫోనుకి ఇరవై ఒకటి, ఆ టీవీకి ఇరవై రెండు. అక్కని తెరమీద పది మెట్లు కిందికి దింపి తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆవిడకి ఆ సంగతి తెలీదు, తెలిసినా నవ్వేసి ఊరుకుంటుంది. ఆ పట్టికలో మా అమ్మాయికి నంబరు లేదు. పది పాసయ్యేదాకా ఫోను లేదని శాసనం చేసింది నేనే.

కొత్త ఫోన్లతో ఒక చిక్కుంది. అవి రౌటరుకి తమ అసలు గుర్తు చూపించకుండా ఉత్తుత్తి గుర్తు చూపిస్తాయి. దాన్ని ఒక్కో ఫోనులోనూ విడిగా ఆపాలి. ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఇంకోటుంది, అదీ ఆపాలి, లేకపోతే మన కొట్టువాణ్ణి దాటేసి వేరేవాణ్ణి అడుగుతుంది. అందుకని అందరి ఫోన్లూ నా చేతికి రావాలి. బావగారు ఇవ్వడానికి అరగంట నసిగారు. అక్క మాత్రం చేతులు కొంగుకి తుడుచుకుని, "నాకేటి తెలుస్తాదే సెల్లీ, నువ్వే సూసుకో," అని చేతిలో పెట్టేసింది. లాకు కూడా లేదు. ఆ ఫోను ఇంట్లో పడి ఉంటుంది, ఎవరి చేతికి దొరికితే వాళ్ళు తీస్తారు. తెర వెలగగానే మా అమ్మాయి ఫోటో. రెండు జడలు వేసుకుని, నాలుక బయటపెట్టి నవ్వుతోంది. ఆ జడలు నేను వేసినవి కాదు. కన్నకొడుకు ఫోటో పెట్టుకోవచ్చు కదా ఈవిడ, నా పిల్లే దొరికిందా అని ఒళ్ళు మండింది.

ఫిల్టరు బ్రహ్మాండంగా పనిచేసింది. పిచ్చి ప్రకటనలు పోయాయి. నేను ఇంకొంచెం ముందుకెళ్ళి సినిమాల సైట్లు, ఆటల సైట్లు కూడా ఒక్కోటీ ఆపేశాను. ఇక టీవీలో చూడ్డానికి ఏమీ లేక అమ్మాయి కిందికి దిగొస్తుందని లెక్క. వారం గడిచింది. ఇరవై రెండో నంబరు టీవీ సాయంత్రాలు నోరు మూసుకునే ఉంది. పిల్ల మాత్రం దిగలేదు. నవ్వులూ ఆగలేదు.

అప్పుడు ఇరవై ఒకటి వంక చూశాను. రోజూ ఆరింటికల్లా అక్క ఫోను ఒకే సైటు పేరు అడుగుతోంది. ఏడున్నర దాకా మళ్ళీ మళ్ళీ అదే. హైస్కూలు పిల్లలకి లెక్కల పాఠాలు చెప్పే సైటది. పేరే కనబడుతుంది గానీ అందులో ఏం చూశారో కనబడదు. ఈవిడకి లెక్కలెందుకు? ఆలోచిస్తే ఒక్కటే తోచింది. ఓపెన్ స్కూల్లో పది కట్టి మళ్ళీ రాసే ఎత్తులో ఉంది. ఆవిడకి లేనిదీ నాకున్నదీ ఈ ఇంట్లో ఆ చదువొక్కటే. ఓర్పు ఆవిడదే. ఆవిడ ఖద్దరు నేసే పొందూరు పిల్ల, వాలుగ చేప దవడతో పత్తి దువ్వే ఇంట్లో పుట్టింది. ఒకే పని నూరుసార్లు చేసినా విసుక్కోదు. వంట ఆవిడదే మేలు, మాట ఆవిడదే మెత్తన. ఇప్పుడు పిల్లని కూడా పట్టుకెళ్ళింది. ఆఖరికి లెక్కలు కూడానా?

చెడ్డ సైట్ల జాబితా తెరిచి అన్నిటికంటే అడుగున ఆ లెక్కల సైటు పేరు చేర్చాను. నా చేత్తో నేనే చేర్చాను. అప్పుడు నాకు సిగ్గనిపించలేదు.

మూడో రోజున అక్క ఫోను పట్టుకుని కిందికొచ్చింది. నేను ఆపానని ఆవిడకి అనుమానమే లేదు.

"సెల్లీ, ఇది రెండ్రోజుల బట్టి తెరుసుకోట్లేదు. ఏటయినాదో సూడవా?"

"దీంతో నీకేటి పనక్కా?"

అక్క ముఖం పక్కకి తిప్పుకుంది. "పది మళ్ళీ రాద్దామని ఉన్నాదే. నవ్వకు."

నేననుకున్నదే నిజమైంది. "వాళ్ళ సైటే పాడైనట్టున్నాదక్కా, మన సేతిలో ఏటీ లేదు," అన్నాను. ముఖంలో ఏ మార్పూ రాకుండా చెప్పగలిగాను, అబద్ధం ఇంత బాగా చెప్పగలనని నాకే తెలీదు. "పోన్లే, మల్లా వస్తాదిలే," అంటూ ఆవిడ పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి ఎన్నడూ లేనిది ఏడింటికే దిగొచ్చింది. నా గుండె లేచి కూర్చుంది. వంకాయలు తరుగుతున్న నా దగ్గరికి వచ్చి, "అమ్మా, క్లాసు గ్రూపులో హోంవర్కు సూడాల, నీ ఫోనియ్యవా," అంది. ఇచ్చాను. గదిలోకి వెళ్ళి పది నిమిషాల్లో తెచ్చిచ్చి, మళ్ళీ మెట్లెక్కేసింది. ఆ పది నిమిషాలకే నేను మురిసిపోయి వంకాయ కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

అన్నాలయ్యాక అలవాటు కొద్దీ రౌటరు పేజీ తెరిచాను. ఎర్రగా నాలుగు వరసలున్నాయి. ఆపేసిన సైటుని ఎవరో నాలుగుసార్లు అడిగారు. ఇరవై ఒకటే అనుకుని నంబరు చూస్తే పదకొండు. పదకొండు నేను. ఏడింటికి నేను ఆ లెక్కల సైటు అడిగానని నా రౌటరే నాకు చెబుతోంది. ఏడింటికి నా చేతిలో ఉన్నవి కత్తిపీట మీద తరుగుతున్న వంకాయలు.

నంబరు ఫోనుది, పట్టుకున్న చేతిది కాదు. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు నా నంబరే దొరకాల్సి వచ్చింది. ఫోన్లు చేతులు మారే ఇంట్లో కూర్చుని, ఇరవై ఒకటి అంటే అక్కే అని ఇన్నాళ్ళూ నమ్మాను.

అమ్మాయి పక్క వేసుకుంటోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నా ఫోన్లో ఆ లెక్కల సైటు ఎందుకు తెరిశావే?"

దుప్పటి మడత సరిచేసుకుంది. "పెద్దమ్మ ఫోన్లో రావట్లేదు. నీ దాంట్లో అయినా వస్తాదేమోనని. పరీక్షలు సోమవారమే."

"పైన సూస్తున్నది నువ్వా?"

"ఇద్దరం సూస్తన్నాం. పెద్దమ్మ సెప్పేస్తానంది, నేనే వద్దన్నాను. అందుకే పది రాస్తానని నీతో అబద్దమాడినాది. లెక్కల టీచరు కూతురికి లెక్కలు రావంటే నీకే పరువు తక్కువ కదా."

"నన్నడగొచ్చు కదా."

"అడిగితే ఒకసారి సెప్తావు. మల్లా అడిగితే, 'ఇంకా అర్థం కాలేదా' అంటావు." నన్నే చూస్తూ అంది, కోపం లేకుండా. "పెద్దమ్మకి నాకన్నా ముందు అర్థం కాదమ్మా. 'ఓలమ్మ, నాకేటీ ఎక్కలేదు, మల్లా ఎట్టు' అంటాది. అప్పుడు పాఠం మల్లా మొదట్నుంచి ఎట్టుకుంటాం. నవ్వొస్తాది."

'ఇంకా అర్థం కాలేదా' అనేది క్లాసులో నేను రోజుకి ఎన్నిసార్లంటానో నాకు తెలుసు. అక్కడ తల దించుకునే పిల్లల్ని చూసి బుద్ధిమంతులనుకునేదాన్ని. ఆ మాట ఇంట్లో కూడా అంటున్నానని ఆ రోజే తెలిసింది. "పడుకో, పొద్దున్నకి వస్తాదిలే," అన్నాను.

హాల్లోకొచ్చి జాబితా తెరిచి ఆ పేరు తీసేశాను. తీసేయడానికి ఒక్క నొక్కు చాలు.

మర్నాడు సాయంత్రం ఆరున్నరకి నేను మెట్లెక్కాను. సైటు వచ్చిందో లేదో కనుక్కోవడానికని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆపింది నేనేనని అక్కతో చెప్పేద్దామని వెళ్ళాను. చాప మీద ఇద్దరూ బోర్లా పడుకుని ఉన్నారు, మధ్యలో ఫోను ఒక చెంబుకి ఆనించి ఉంది. అక్క చేతిలో కూడా ఒక పెన్సిలుంది. పిల్ల నోట్సులో బహుపదుల లెక్క సగంలో ఉంది. నిలబడ్డ చోటి నుంచే రెండో వరసలో గుర్తు తప్పిందని నాకు కనబడిపోయింది.

నన్ను చూడగానే మా అమ్మాయి ఆ పేజీ మీద అరచెయ్యి కప్పేసింది. క్లాసులో నేను వరసల మధ్య నడుస్తున్నప్పుడు వెనక బెంచీ పిల్లలు కప్పుకుంటారే, అచ్చం అలాగే.

"కూకో సెల్లీ," అంటూ అక్క జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. చెప్పాల్సిన మాట చెప్పలేదు. చెయ్యి తియ్యమ్మా అని కూడా అనలేదు. అంటే తియ్యదేమోనని భయం.

అక్క నా వైపు చూడలేదు. "తియ్యవే, మీ అమ్మే కదా," అంది పిల్లతో, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.

పిల్ల చెయ్యి తీసింది.

అక్కకి దండం పెట్టాల్సిన క్షణమది. కానీ నిజం చెబుతున్నాను, అప్పుడు నా మనసులోకి వచ్చింది ఒక్కటే: ఆ చెయ్యి నా కోసం లేవలేదు, ఆవిడ చెబితే లేచింది. తప్పిన గుర్తు ఎదురుగా కనబడుతున్నా నేను పెదవి విప్పకుండా, కుళ్ళుకుంటూనే, వాళ్ళిద్దరితో పాటు ఆ పాఠం మొదటి నుంచి విన్నాను.